ఊళ్ళో ఆరోగ్యం గురించి ఎంత చెప్పినా ఎవరూ మారడం లేదు, ఏం చేయాలి?

వరికుంటపాడు మండలం నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. డిగ్రీ చదివి, ఊళ్ళోనే ఉంటూ డ్వాక్రా గ్రూపు లెక్కలు చూసుకుంటున్నారట. స్కూల్లో రెండుసార్లు అవగాహన సదస్సు పెట్టించారు, డాక్టరుగారిని పిలిచారు, డెంగ్యూ, విరేచనాలు, బీపీ, ఫ్లోరైడు అన్నీ చెప్పించారు. జనం వచ్చారు, విన్నారు, తలూపారు, టీ తాగి వెళ్ళిపోయారు. వానలు పడగానే అదే వీధిలో మళ్ళీ జ్వరాలు. "వీళ్ళకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలండీ" అని అడిగారు.

అమ్మా, నేను ఆరోగ్య శాఖలో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే నర్సుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. నా సర్వీసంతా ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, అటు పామూరు, కనిగిరి వైపు ఊళ్ళలోనే గడిచింది. అందుకని మీ ఊరు నాకు తెలిసిన ఊరే అనుకుని చెప్తున్నాను.

వాళ్ళకి అర్థం కాక కాదు. అక్కడే అందరం పొరపడుతున్నాం. మీటింగులు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఒక్క జబ్బు తీసుకోండి. దాన్ని ఆపే ఒక్క పని తీసుకోండి. ఇంట్లో ఆ పని ఎవరి చేత్తో జరగాలో ఆ మనిషి దగ్గరికే వెళ్ళి, అది ఎక్కడ ఆగిపోతోందో అడగండి. ఆగిన చోట అడ్డం తీసేయగలిగితే తీసేయండి, వారం తర్వాత మళ్ళీ వెళ్ళి చూడండి. ఇంతే. నాలుగు జబ్బుల గురించి ఒకే సాయంత్రం చెబితే మనిషి ఇంటికెళ్ళి ఒక్కటీ చెయ్యడు, ఎందుకంటే రేపు పొద్దున లేవగానే ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

డెంగ్యూనే తీసుకుందాం, మీరు ఎక్కువ బాధపడింది దాని గురించే కాబట్టి. దోమ కుడితే జ్వరం వస్తుందని మీ ఊళ్ళో తెలియని వాళ్ళు ఎవరు? అందరికీ తెలుసు. తెలియంది వేరే ఉంది. దోమంటే మురిక్కాలవలో పుట్టి రాత్రి కుట్టేదని వాళ్ళ లెక్క. డెంగ్యూ దోమ అలా కాదు, మన ఇంట్లోనే, మనం మూత పెట్టకుండా వదిలేసిన మంచినీళ్ళలోనే పుడుతుంది, పట్టపగలు కుడుతుంది. అందుకే మధ్యాహ్నం ఉయ్యాల్లో పడుకున్న బిడ్డకి దోమతెర కట్టమంటే "రాత్రి కదా కట్టేది" అంటారు. పంచాయతీకి వెళ్ళి పొగ కొట్టించమని గొడవ పడతారు, పొగ కొట్టించాక ఇక నిశ్చింత అనుకుంటారు. ఆ పొగకి ఆ పూట ఎగురుతున్న దోమలు చస్తాయి తప్ప తొట్టి నీళ్ళలో ఉన్న దోమ పిల్లలు చావవు. నాలుగు రోజులకి అవి రెక్కలొచ్చి బయటికి వస్తాయి.

సరే, "వారానికోసారి నీళ్ళు పారబోసి డ్రమ్ము ఆరబెట్టండి, ఫ్రైడే డ్రై డే" అని చెప్తాం. మెట్ట ప్రాంతం ఊళ్ళో కుళాయి రెండు మూడు రోజులకోసారి వస్తుంది, ఎండాకాలం అయితే ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అలాంటి ఊళ్ళో బిందె నీళ్ళ కోసం పోట్లాడుకున్న ఆడమనిషి ముందు నిలబడి నీళ్ళు పారబొయ్యమంటే ఆమె మనసులో మన మీద గౌరవం ఎలా ఉంటుంది? ఆమె చేయకపోవడం మొండితనం కాదు. మనం చెప్పిన మాట ఆమె బతుక్కి సరిపోలేదు.

ఒక ఊళ్ళో మేం చేసిన మార్పు చాలా చిన్నది. శుక్రవారం అన్న మాట వదిలేశాం. కుళాయి వచ్చే ముందు పూట, అంటే డ్రమ్ములో నీళ్ళు ఎలాగూ అడుగంటి ఉన్నప్పుడు, ఆ మిగిలిన నీళ్ళతో గిన్నెలు కడుక్కుని, డ్రమ్ము లోపలి గోడలు కొబ్బరి పీచుతో గట్టిగా తోమమని చెప్పాం. ఈ తోమడం చాలా ముఖ్యం, చాలామంది ఇది చెప్పరు. ఆ దోమ గుడ్లు నీళ్ళ అంచున గోడకి అంటించి పెడుతుంది. నీళ్ళు పారబోసినా గుడ్లు అక్కడే ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తోమితే చాలు. నీళ్ళు పట్టాక పాత పంచె గుడ్డ డ్రమ్ము మూతికి తాడుతో బిగించి కట్టడం. ఖర్చు లేదు, నీళ్ళ నష్టం లేదు. ఆ వీధిలో ఆడవాళ్ళు చేశారు, ఎందుకంటే వాళ్ళు చేయగలిగిన పని అది.

పెద్ద సిమెంటు తొట్లు ఖాళీ చేయడం ఎవరి వల్లా కాదు. వాటికి ఏఎన్‌ఎం గారిని అడిగి దోమ పిల్లల్ని చంపే టెమిఫాస్ మందు వేయించండి, లేదా వాటిని తినే గంబూజియా చేపలు తెప్పించి వదిలించండి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు, దొడ్లో పడేసిన టైర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీ కింద పళ్ళెం ఇవన్నీ మీరే ఇల్లు తిరుగుతూ చూపించాలి. నోటితో చెప్పడం వేరు, వేలు పెట్టి చూపించడం వేరు.

చూపించడం అంటే ఇంకో పద్ధతి చెప్తాను, నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. వాళ్ళింటి తొట్టిలోంచే గిలగిలా కొట్టుకుంటున్న పురుగులని ఆ నీళ్ళతో సహా లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ సీసాలో పట్టి, మూతికి పలచటి గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించి, ఆ ఇంట్లోనే గూట్లో పెట్టి రండి. నాలుగైదు రోజులకి సీసాలో దోమలు ఎగురుతుంటాయి. ఇంట్లో పిల్లలు వీధంతా పిలిచి చూపిస్తారు. "నీళ్ళ పురుగులే కదా" అనే మాట ఆ ఇంట్లో ఇక వినపడదు. చూశాక సీసా ఎండలో పెట్టి లోపలున్నవన్నీ చచ్చాకే తెరవండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఇక పిల్లల విరేచనాలు. ఇక్కడ మనం తల్లికి చెప్తాం, ఇంట్లో నిర్ణయం మాత్రం తల్లిది కాదు. "నీళ్ళు పడితే ఇంకా పోతాయి, పొట్ట మాడ్చు" అని అత్త అంటుంది, లేదా పక్కింటి పెద్దావిడ అంటుంది. వాళ్ళకీ ఆ బిడ్డ మీద ప్రేమే, వాళ్ళ అమ్మలు అలాగే నేర్పారు. అందుకని నానమ్మలతో, అమ్మమ్మలతో విడిగా కూర్చోండి. కోడళ్ళ ముందు వాళ్ళని తప్పు పట్టకండి. "మీ చేతుల మీద ఎంతమంది పిల్లలు పెరిగారు" అని వాళ్ళ అనుభవం అడిగి వినండి. గంజి, ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరి నీళ్ళు వాళ్ళకి తెలిసినవే. అవన్నీ మంచివేనని ఒప్పుకుని, వాటికి తోడు ఓఆర్‌ఎస్ అని కలపండి. నా అనుభవంలో ఒకసారి పెద్దావిడ ఒప్పుకుంటే ఆ ఇంట్లోనే కాదు, ఆ వరస ఇళ్ళన్నిటిలో ఆమే చెప్తుంది.

ఓఆర్‌ఎస్ కలపడం మాత్రం నోటితో చెప్పి వదలకండి, వాళ్ళ గిన్నెలోనే కలిపించండి. పెద్ద ప్యాకెట్ అయితే పూర్తిగా ఒకేసారి లీటరు నీళ్ళలో పోయాలి. చాలా ఇళ్ళలో గ్లాసు నీళ్ళలో ప్యాకెట్ మొత్తం పోసేస్తారు, ఇంకొన్ని ఇళ్ళలో అంచనాగా కొంచెం పొడి వేసి మిగతాది మడిచి దాస్తారు. చిక్కగా కలిపింది బిడ్డకి హాని చేస్తుంది. లీటరు కొలవడానికి ఖాళీ మంచినీళ్ళ బాటిలు చాలు. 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, కాబట్టి ప్యాకెట్ మీద చదివించండి. కలిపింది 24 గంటల్లోపే వాడాలి. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. జింకు మాత్రలు 14 రోజులు, 6 నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 మిల్లీగ్రాములు, 2 నుంచి 6 నెలల బిడ్డకి 10. విరేచనాలు చాలాసార్లు కొద్ది రోజులకే ఆగిపోతాయి, తల్లులు కూడా మాత్ర ఆపేస్తారు. 14 గడులు గీసిన కాగితం గోడకి అంటించి, మాత్ర వేసిన రోజు అన్నయ్యతోనో అక్కతోనో గీత కొట్టించండి. ఆ గీతల కోసమైనా పిల్లలు గుర్తు చేస్తారు.

ప్యాకెట్ ప్యాకెట్టే ఇవ్వాలి, కొట్లో అమ్మే తియ్యటి డబ్బా డ్రింకులు కాదు. వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది నానమ్మకే బాగా నూరిపోయండి.

ఫ్లోరైడు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మన వైపు బాధ కాబట్టి. ఉదయగిరి, వరికుంటపాడు, కనిగిరి వైపు పళ్ళ మీద గోధుమరంగు చారలున్న పిల్లల్ని చూడని రోజు నాకు లేదు. తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీళ్ళు లేనప్పుడు గరిష్ఠంగా 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. ఈ అంకె ఊళ్ళో చెప్పి ప్రయోజనం లేదు. ఏ బోరులో ఎంత ఉందో ముందు పరీక్ష చేయించండి. ఊళ్ళోని సచివాలయం ద్వారా గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకి నీళ్ళు పంపించవచ్చు. ఫలితం వచ్చాక తాగకూడని బోరుకి ఎర్ర రంగు, తాగదగ్గదానికి పచ్చరంగు వేయించండి. చదువు రాని వాళ్ళకి కూడా ఆ రంగు తెలుస్తుంది. మంచి నీళ్ళు ఎక్కడా లేకపోతే ముందు నీళ్ళ కోసం అర్జీ పెట్టండి, ఆ తర్వాతే పాఠం. దారి చూపించకుండా "ఈ నీళ్ళు విషం" అని భయపెట్టి రావడం నాకైతే పాపం అనిపిస్తుంది.

ఇందులో జనం పొరపడేవి రెండున్నాయి. ఒకటి, కాచితే పోతుందనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కనవుతుంది. రెండోది ఇంకా పెద్దది. తాగడానికి ఆర్‌ఓ క్యాను తెచ్చుకుంటారు, అన్నం, పప్పు, కాఫీ మాత్రం బోరు నీళ్ళతోనే. బియ్యం ఉడికేటప్పుడు ఎంత నీళ్ళు పీలుస్తాయో చూస్తూనే ఉంటాం కదా. క్యాను తెచ్చుకునే స్థోమత ఉన్న ఇంట్లో వంటకీ ఆ నీళ్ళే వాడమనండి, తక్కువైతే కనీసం 8 ఏళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో. పళ్ళు తయారయ్యే వయసు అది, అప్పుడు మచ్చ పడితే ఆ తర్వాత నీళ్ళు మార్చినా పోదు. పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ తినమనండి, డికాషన్ టీ తగ్గించమనండి, టీ ఆకులోనే ఫ్లోరైడు ఉంటుంది. ఒక మాట, పళ్ళ మచ్చలున్న ఆడపిల్లని పిలిచి అందరి ముందు నిలబెట్టి చూపించకండి. ఆ పిల్ల పెళ్ళి సంబంధాల దగ్గర ఎంత బాధ పడుతుందో మీకూ తెలుసు.

కీళ్ళు బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు రోజూ కొట్లో నొప్పి మాత్ర కొని మింగి పొలానికి పోతారు. ఆ మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలు పాడవుతాయి. దీని గురించి చెప్పేటప్పుడు ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీని కలుపుకోండి. అతన్ని తిట్టి మీరు ఊళ్ళో నెగ్గలేరు, రాత్రి పదింటికి పిలిస్తే వచ్చేది అతనే. డెంగ్యూ అనుమానం ఉన్న జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర, నొప్పి ఇంజెక్షన్ వద్దని, జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చల్లబడిన చేతులు కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి పంపమని అతనికి నేర్పితే కొన్ని ప్రాణాలు నిలబడతాయి. జ్వరం దిగిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే రోజే అసలు ప్రమాదం మొదలవ్వచ్చని జనానికి తెలియదు.

ఇక బీపీ విషయంలో మగవాళ్ళ సంగతి. వాళ్ళు మీ మీటింగుకి రారు, డ్వాక్రా మీటింగుకీ రారు. పొద్దున్నే టీ అంగడి దగ్గర, సాయంత్రం రచ్చబండ దగ్గర ఉంటారు, బీపీ మిషన్ అక్కడికి వెళ్ళాలి. విలేజ్ క్లినిక్ వాళ్ళని అడిగితే వస్తారు. 140/90 దాటినా ఏ నొప్పీ తెలియదు కాబట్టి "నాకేం, బండలా ఉన్నాను" అంటారు. మాత్ర వేసుకుంటే అంకె తగ్గుతుంది, తగ్గింది కదా అని మానేస్తారు, పక్షవాతం వచ్చి పడేది అలాంటి వాళ్ళే. "మాత్ర వేసుకున్నందుకే తగ్గి ఉంది" అనే ఒక్క వాక్యం చాలు, దాన్నే పదేపదే చెప్పండి.

ఉప్పు తగ్గించమని అందరూ అంటారు, ఎంతకి తగ్గించాలో చెప్పరు. ఆడవాళ్ళని ఇలా అడగండి: మీ ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్ళు వస్తుంది? మనిషికి రోజుకి 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నలుగురున్న ఇంట్లో నెలకి 600 గ్రాములన్నమాట. కిలో ప్యాకెట్ నెలకే అయిపోతోందంటే మనిషికి రోజుకి 8 గ్రాములు దాటుతోంది, ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు ఇందులో లెక్కకి రాలేదు. ఈ లెక్క వాళ్ళే వేసుకున్నప్పుడు నేనేమీ చెప్పక్కర్లేకుండా వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకోవడం చాలా చోట్ల చూశాను. ప్యాకెట్ తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాయమనండి, రెండు నెలలకి తేడా వాళ్ళకే కనిపిస్తుంది.

వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం అన్నాను కదా, దానికి మన జిల్లాయే సాక్ష్యం. మీకు దగ్గరే, కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారాతో చితికిపోయిన ఒక కాపురం గురించి పాఠం చదివారు. సారా తాగితే ఏమవుతుందో అని వాళ్ళకి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ కథ తమదే అనిపించి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు, ఏం చేయాలో వాళ్ళే తేల్చుకున్నారు, ఆ ఊరి రోశమ్మ గారితో కలిసి సారా కొట్టు మూయించారు. అక్కడి నుంచి జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది, 1993లో ప్రభుత్వం సారా నిషేధించింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అంత పెద్ద పని మనం తలపెట్టనక్కర్లేదు. కానీ మీ గ్రూపులో పది మంది కూర్చున్నప్పుడు మీరు ఎంతసేపు మాట్లాడారు, వాళ్ళు ఎంతసేపు మాట్లాడారు అన్నది గమనించుకోండి.

ఇంకో రెండు సంగతులు. సదస్సు స్కూల్లోనో గుళ్ళోనో పెడితే ఎస్సీ కాలనీ వాళ్ళు, యానాదుల కాలనీ వాళ్ళు సగం మంది రారు, వచ్చినా వెనక నిలబడతారు, ప్రశ్న అడగరు. జబ్బులు ఎక్కువగా పడేది అక్కడే. మీరే ఆ కాలనీకి వెళ్ళండి, వాళ్ళింటి ముందు కూర్చోండి, వాళ్ళు ఇచ్చిన నీళ్ళు తాగండి. ఉపాధి పని జరిగే చోట పనయ్యాక చెట్టు కింద పావుగంట దొరుకుతుంది, అక్కడ ఆడా మగా అందరూ ఉంటారు, వడదెబ్బ గురించి చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు.

మందుల పేర్లు మీరు రాసివ్వకండి, మాత్రలు పంచకండి. బొప్పాయి ఆకు రసం లాంటివి ఎవరైనా చెబితే వాదన పెట్టుకోకండి, "అది తాగినా సరే, రక్తపరీక్ష, డాక్టరు మానొద్దు" అనండి. తెలియనిది అడిగితే ఏఎన్‌ఎం గారిని అడిగి రేపు చెప్తానని నిజంగానే రేపు వెళ్ళి చెప్పండి. ఆ నమ్మకం ఒక్కసారి వస్తే మీ మాట ఊళ్ళో నిలుస్తుంది.

మారారో లేదో ఎలా తెలుస్తుంది అంటే, ఎంతమంది వచ్చారు, ఎన్ని ఫొటోలు తీశాం అన్నది కాదు. ఒక వీధిలో 20 ఇళ్ళు తీసుకోండి. ఈ వారం ఎన్ని ఇళ్ళ తొట్లలో పురుగులున్నాయో రాయండి, నెల తర్వాత మళ్ళీ చూడండి. ఇళ్ళవాళ్ళ పేర్లు బయట పెట్టకుండా అంకె మాత్రం అంగన్‌వాడీ గోడ మీద రాయించండి. 14 నుంచి 5కి తగ్గితే ఆ వీధి వాళ్ళే పక్క వీధికి చెప్పుకుంటారు. తగ్గకపోతే తగ్గని ఇళ్ళకే వెళ్ళి ఎందుకు ఆగిందో అడగండి. మూత లేదా, మనిషి కూలికి పోయి ఇంట్లో ఎవరూ లేరా, డ్రమ్ము తిప్పలేని ముసలావిడా? ముసలావిడ అయితే పక్కింటి కుర్రాడితో తోమించండి.

నన్నడిగితే మీరు డెంగ్యూతోనే మొదలుపెట్టండి. మనకి పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, కాబట్టి సెప్టెంబరు మొదటికే మీ వీధి లెక్క చేతిలో ఉండాలి. కుళాయి ఏ రోజు, ఏ పూట వస్తుందో ముందు రాసుకోండి, ఆశా వర్కరుని, అంగన్‌వాడీ టీచరుని తోడు తీసుకోండి, టెమిఫాస్ కోసం ఏఎన్‌ఎం గారికి ఇప్పుడే చెప్పి పెట్టండి. మొదటి లెక్క రాగానే ఇక్కడే రాయండి, ఏ ఇళ్ళలో ఎక్కడ ఆగిందో చెబితే తర్వాత ఏం చేయాలో కలిసి ఆలోచిద్దాం.